4,400 మీటర్ల ఎత్తున చిన్న డ్రోన్: ఎగరడం వేరు, తిరిగి రావడం వేరు

ప్రశ్న: నా దగ్గర 249 గ్రాముల డ్రోన్ ఉంది. మైదానంలో రెండేళ్లుగా ఎగరేస్తున్నాను, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కిందటి ఏడాది ఒక కొండయాత్రలో 3,600 మీటర్ల దగ్గర, మధ్యాహ్నం రెండు గంటల వేళ, లోయ వెంట పైకి హిమానీనదం వైపు 1,100 మీటర్ల దూరం పంపాను. వెళ్లేటప్పుడు చాలా చురుగ్గా వెళ్లింది. బ్యాటరీ 45 శాతం ఉండగా వెనక్కి తిప్పాను. తీరా నాకు కనిపించే దూరానికి వచ్చాక, ఇంకో వంద మీటర్లు ఉందనగా, బండరాళ్ల మధ్య తనంతట తానే దిగిపోయింది. అదృష్టం కొద్దీ దొరికింది. ఈసారి 4,400 మీటర్ల దగ్గరున్న శిబిరం నుంచి 5,100 మీటర్ల ఎత్తున్న కనుమను చిత్రీకరించాలని నా కోరిక. మాన్యువల్‌లో గరిష్ఠ టేకాఫ్ ఎత్తు మామూలు బ్యాటరీతో 4,000 మీటర్లని, పెద్ద బ్యాటరీతో 3,000 మీటర్లని ఉంది. కానీ చిన్న డ్రోన్లు 8,000 మీటర్ల పైన కూడా ఎగిరాయని చదివాను. నాది ఎగురుతుందా? పెద్ద బ్యాటరీ కొనడం మేలా? ఏదైనా తేడా వస్తే, డ్రోన్‌ను దానంతట అదే వెనక్కి రప్పించే రిటర్న్ టు హోమ్ బటన్ ఉంది కదా అని మిత్రులు ధైర్యం చెబుతున్నారు. మీరేమంటారు?

జవాబు: మీ డ్రోన్ 4,400 మీటర్ల దగ్గర నేల విడిచి లేస్తుందనే నా అంచనా. మాన్యువల్‌లో రాసిన 4,000 అనే అంకె, అక్కడికి చేరగానే మోటార్లు ఆగిపోయే గోడ లాంటిది కాదు. అంతవరకు తాము హామీ ఇస్తామని, ఆపైన ఏం జరిగినా పూచీ మీదేనని తయారీదారు చెప్పే మాట అది. అయితే లేవడం ఒక సంగతి, గాలి విసురుకు తట్టుకుని, ఆపమన్న చోట ఆగి, చెప్పిన దారిన మీ కాళ్ల దగ్గరికి తిరిగి రావడం మరొక సంగతి. మొదటిదానికి డ్రోన్ బరువుకు సరిపడా బలం ఉంటే చాలు. రెండోదానికి ఆ బరువుకు మించి ఎంత బలం మిగిలి ఉందన్నది ముఖ్యం. ఎత్తు పెరిగేకొద్దీ పలచబడే గాలి ముందుగా తినేసేది ఈ మిగులునే. మిగులు కరిగిపోయినా డ్రోన్ మీ ముందు నిశ్చలంగా, ముచ్చటగా నిలబడే ఉంటుంది కాబట్టి ప్రమాదం పైకి కనిపించదు.

లెక్క చూద్దాం. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. 3,000 మీటర్ల దగ్గర అది 0.91 కిలోలు, 4,000 మీటర్ల దగ్గర 0.82, 5,000 మీటర్ల దగ్గర 0.74. మీ శిబిరం ఎత్తున మైదానపు గాలిలో 64 శాతం, కనుమ దగ్గర 59 శాతం మాత్రమే ఉంటుందన్నమాట. ప్రొపెల్లర్ గాలిని కిందికి నెట్టి పుట్టించే బలం, అంటే థ్రస్ట్, గాలి సాంద్రతను బట్టీ, తిరిగే వేగపు వర్గాన్ని బట్టీ ఉంటుంది. కాబట్టి అదే బరువును 4,400 మీటర్ల దగ్గర నిలబెట్టాలంటే ప్రొపెల్లర్లు మైదానంలో కంటే దాదాపు 25 శాతం ఎక్కువ వేగంతో తిరగాలి, అందుకు శక్తి కూడా రమారమి అంతే ఎక్కువ ఖర్చవుతుంది. మైదానంలో 30 నిమిషాలు ఎగిరేది అక్కడ, చలి సంగతి పక్కన పెట్టినా, 24 నిమిషాలకే అయిపోతుంది.

శక్తి కంటే పెద్ద చిక్కు థ్రస్ట్‌ది. మైదానంలో పూర్తి వేగంతో తిరిగినప్పుడు తన బరువుకు రెండింతల థ్రస్ట్ ఇవ్వగల డ్రోన్ ఒకటి ఉందనుకోండి. మోటార్ల గరిష్ఠ వేగం మారదు కాబట్టి 5,000 మీటర్ల దగ్గర ఆ రెండింతలు 1.2 రెట్లకు దిగిపోతాయి. బరువు మోయగా మిగిలేది అయిదో వంతు మాత్రమే. ఎదురుగాలిని చీల్చుకుని ముందుకు పోవాలంటే డ్రోన్ ముక్కు కిందికి వంచాలి, వంగినకొద్దీ థ్రస్ట్‌లో కొంత భాగం ముందుకు లాగడానికి పోతుంది, అందువల్ల ఎత్తు నిలుపుకోవడానికి మొత్తం థ్రస్ట్ పెరగాలి. 25 డిగ్రీల వంపుకు బరువుకు 1.10 రెట్ల థ్రస్ట్ కావాలి, 35 డిగ్రీల వంపుకు 1.22 రెట్లు కావాలి. మన డ్రోన్ దగ్గర ఉన్నది 1.2 రెట్లు కాబట్టి, కంగారులో స్పోర్ట్ మోడ్, అంటే అత్యధిక వేగంతో నడిపే అమరిక, వేసి రిమోట్ మీది స్టిక్‌ను చివరిదాకా నొక్కితే అది వేగంగా ముందుకు వస్తూనే నెమ్మదిగా కిందికి జారుతుంది. ఎత్తైన చోట్ల డ్రోన్ ఎందుకో దిగిపోతోందని చాలామంది చెప్పే ఫిర్యాదుకు మూలం తరచూ ఇదే. అందులో మరమ్మతు చేయాల్సిన లోపమేమీ ఉండదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఎత్తున గాలి ఎక్కువ బలంగా తోస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి 5,000 మీటర్ల దగ్గర డ్రోన్‌ను తోసే బలం మైదానంలో తోసే బలంలో 60 శాతమే, ఎందుకంటే తోసేది కూడా అదే పలచని గాలి. అదే వంపుతో డ్రోన్ అక్కడ ఇంకాస్త వేగంగా కూడా పోగలదు. కాబట్టి పెట్టె మీద రాసిన గాలి తట్టుకునే వేగం ఎత్తుతో ఒక్కసారిగా పడిపోదు. దెబ్బతీసేది నిలకడగా వీచే గాలి కాదు, పైకీ కిందికీ ఒక్కసారిగా విరుచుకుపడే గాలి. సెకనుకు నాలుగైదు మీటర్ల వేగంతో కిందికి దిగే గాలిపాయలో చిక్కుకున్న డ్రోన్ ఉన్నచోట నిలబడాలంటే, నిశ్చలమైన గాలిలో అంతే వేగంతో పైకెక్కుతున్నట్టే పనిచేయాలి. అయిదో వంతు మిగులున్న యంత్రం అది చేయలేదు.

ఇక కిందటి ఏడాది ఏం జరిగిందో చూద్దాం. ఎండ ఎక్కినకొద్దీ కొండవాలులు వేడెక్కి, వాటిని ఆనుకున్న గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి లోయ వెంట పైకి గాలి వీస్తుంది. మధ్యాహ్నానికి అది జోరందుకుంటుంది. రాత్రి వాలులు చల్లబడ్డాక ఇది తిరగబడి లోయ వెంట కిందికి పారుతుంది. మీరు రెండు గంటల వేళ లోయ పైవైపుకు పంపారు కాబట్టి, వెళ్లేటప్పుడు గాలి వెనుక నుంచి నెట్టింది. మీరు మెచ్చుకున్న చురుకుదనంలో సగం గాలిదే. ఆ రోజు గాలి వేగం సెకనుకు 8 మీటర్లనీ, మామూలు మోడ్‌లో మీ డ్రోన్ నిశ్చలమైన గాలిలో సెకనుకు 10 మీటర్లు పోతుందనీ అనుకుందాం. వెళ్లేటప్పుడు నేల మీద దాని వేగం 18 మీటర్లు. 1,100 మీటర్లు ఒక నిమిషంలో అయిపోయాయి. వచ్చేటప్పుడు ఆ వేగం 2 మీటర్లు. అదే దూరానికి తొమ్మిది నిమిషాలకు పైగా పట్టింది. 3,600 మీటర్ల దగ్గర 30 నిమిషాల బ్యాటరీ 25 నిమిషాలదే కాబట్టి, ఆ తొమ్మిది నిమిషాలకు 37 శాతం ఖర్చయింది. 45 లోంచి 37 తీసేస్తే 8. చాలా డ్రోన్లు 10 శాతం దగ్గరికి రాగానే మనల్ని అడగకుండానే దిగడం మొదలుపెడతాయి. లెక్క స్థూలమైనదే, అయినా మీ డ్రోన్ దిగిన చోటుతో సరిగ్గా సరిపోతోంది. దానిలో లోపమేమీ లేదు.

ఆ తొమ్మిది నిమిషాల్లో చేయగలిగినవి రెండు ఉన్నాయి. ఒకటి, స్పోర్ట్ మోడ్. అందులో సెకనుకు 16 మీటర్లు పోగలిగితే, ఎదురుగాలి పోను 8 మీటర్లు మిగిలి, రెండున్నర నిమిషాల్లోపే వచ్చేసేది. శక్తి ఖర్చు నిమిషానికి ఎక్కువైనా మొత్తం మీద తక్కువ. 3,600 మీటర్ల దగ్గర అందుకు తగిన థ్రస్ట్ మిగులు ఇంకా ఉండి ఉండేది. రెండోది, ఎత్తు తగ్గించడం. నేల రాపిడి వల్ల కింద గాలి మందగిస్తుంది. రాళ్లూ తీగలూ చూసుకుంటూ ఇరవై ముప్ఫై మీటర్లకు దించి తీసుకొస్తే ఎదురుగాలి చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. స్పోర్ట్ మోడ్‌లో అడ్డంకులను పసిగట్టి ఆగే ఏర్పాటు సాధారణంగా పనిచేయదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఇంకొకటి: బ్యాటరీ అయిపోయి డ్రోన్ తనంతట తాను దిగుతున్నప్పుడు కూడా చాలావాటిలో స్టిక్‌తో పక్కకు నడపడానికి వీలుంటుంది. చేతులెత్తేసి చూస్తూ ఉండకుండా, కింద రాళ్లు లేని చోటికి జరపండి.

రిటర్న్ టు హోమ్ మీద మీ మిత్రులకున్న నమ్మకం కొండల్లో చెల్లదు. ఆ బటన్ నొక్కగానే డ్రోన్ మామూలుగా చేసే మొదటి పని, మనం ముందే పెట్టిన ఎత్తుకు పైకెక్కడం. రెండో పని, సరళరేఖలో బయలుదేరిన చోటికి రావడం. పైకెక్కితే ఎదురుగాలి మరింత పెరుగుతుంది, సరళరేఖలో కొండ వెన్ను అడ్డుండవచ్చు. పైగా ఆ ఎత్తు టేకాఫ్ స్థలం నుంచి కొలిచినది. 100 మీటర్లని పెట్టి, దారిలో 150 మీటర్ల గుట్ట ఉంటే, ముందు చూసే సెన్సర్లు లేని డ్రోన్ నేరుగా ఆ గుట్టకు గుద్దుకుంటుంది. సెన్సర్లున్నవి కూడా ఎండ ఎదురుగా ఉన్నప్పుడు, ఏకరీతిగా తెల్లగా ఉన్న మంచువాలు ముందు పొరబడతాయి. కొండ వెన్ను దాటించి అవతలి వైపుకు పంపితే రిమోట్ సిగ్నల్ తెగిపోతుంది, అప్పుడు మీరు నొక్కకపోయినా ఇదంతా మొదలవుతుంది. లోతైన ఇరుకు లోయలో ఆకాశం కొద్దిగానే కనిపిస్తుంది కాబట్టి ఉపగ్రహాలు చాలినన్ని దొరక్క ఇంటి గుర్తే, అంటే తిరిగి రావాల్సిన చోటే, సరిగా నమోదు కాకపోవచ్చు. ఆ గుర్తు నమోదైందని తెర మీద కనిపించేదాకా టేకాఫ్ చేయకండి. నా మటుకు నేను కొండల్లో ఈ ఏర్పాటును, సిగ్నల్ పోయినప్పుడు ఏమీ లేకపోవడం కంటే నయం అన్నంతవరకే చూస్తాను. తిరుగుప్రయాణం నా చేతులతోనే చేస్తాను.

ఎత్తు అన్న మాటకు ఇక్కడ మూడు అర్థాలున్నాయి, ప్రమాదాల్లో చాలావరకు ఈ మూడింటినీ కలిపేయడం వల్లే జరుగుతాయి. మాన్యువల్ చెప్పే 4,000 సముద్రమట్టం నుంచి. తెర మీద కనిపించే ఎత్తు టేకాఫ్ చేసిన చోటు నుంచి. వాలు వెంట కిందికి పోతే అది సున్నా దాటి మైనస్‌లోకి వెళుతుంది. చట్టం మాట్లాడే ఎత్తు కింద నేల నుంచి. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో 120 మీటర్ల పరిమితిని భూమి ఉపరితలంలో డ్రోన్‌కు అతి సమీపంగా ఉన్న చోటు నుంచి కొలుస్తారు, అంటే మీరు నిలబడ్డ గట్టు నుంచి నిటారు లోయ మీదికి అడ్డంగా పంపితే, తెర మీద సున్నా కనిపిస్తున్నా పరిమితి దాటి ఉండవచ్చు. అమెరికా జాతీయ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్లు ఎగరేయడం నిషిద్ధం. కొండ ప్రాంతాల్లో రక్షిత అరణ్యాలు, సరిహద్దులు ఎక్కువ కాబట్టి, మీరు వెళ్లే దేశపు నియమాలూ, ఆ పార్కు నియమాలూ విడివిడిగా కనుక్కుని, అనుమతి కాగితం మీద ఉంటేనే డ్రోన్ మోసుకెళ్లండి.

ఈ మూడు ఎత్తుల లెక్కలోనే మీ కనుమ ప్రశ్నకు జవాబు కూడా ఉంది. శిబిరానికీ కనుమకూ తేడా 700 మీటర్లు. చాలా డ్రోన్ల సాఫ్ట్‌వేర్ టేకాఫ్ స్థలం నుంచి 500 మీటర్లకు మించి ఎక్కనివ్వదు, కొన్ని తరగతుల్లో ఆ హద్దు 120 మీటర్లే. అంటే శిబిరం నుంచి కనుమకు ఎక్కించడం మీరు పెట్టుకోవాల్సిన కోరికే కాదు. మోసుకుంటూ కనుమ మీదికి వెళ్లి అక్కడి నుంచి లేపడం మిగిలిన దారి. కనుమ అంటే రెండు శిఖరాల మధ్య గాలి ఇరుకున దూరే సందు, చుట్టుపక్కల ఎక్కడా లేని గాలి అక్కడ ఉంటుంది. గాలి వచ్చే వైపు వాలు మీద అది పైకి లేస్తుంది, దాటిన తరువాత గాలిచాటు వైపు కిందికి విరుచుకుపడి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు కంటికి కనిపించవు, ఎగిరే మంచుపొడి తప్ప వాటి ఆనవాలు మరేదీ ఉండదు. హామీ ఇచ్చిన ఎత్తుకు 1,100 మీటర్లు పైన, 59 శాతం గాలిలో, సుడుల అంచున 249 గ్రాముల యంత్రాన్ని లేపమని నేను చెప్పలేను. ఆ దృశ్యం తప్పనిసరి అయితే, 6,000 మీటర్ల టేకాఫ్ ఎత్తుకు తయారీదారు పేర్కొన్న డీజేఐ కంపెనీ మావిక్ 3 డ్రోన్ లాంటిది అద్దెకో ఎరువుకో తెచ్చుకోండి.

8,000 మీటర్ల కథ నిజమే. 2018 జూలైలో 8,051 మీటర్ల బ్రాడ్ పీక్ మీద బ్రిటిష్ పర్వతారోహకుడు రిక్ ఆలెన్ చనిపోయాడనుకున్న వేళ, పోలండ్‌కు చెందిన బార్టెక్ బార్గియెల్ పంపిన డ్రోన్ ఆయన బతికే ఉన్నాడని చూపించి, రక్షించేవాళ్లకు దారి కూడా చూపింది. బార్టెక్ అక్కడున్నది, కేటూ శిఖరం నుంచి స్కీల మీద మొదటిసారి దిగబోతున్న తన అన్నదమ్ముడు ఆంజేయ్‌కి తోడుగా. ఆ డ్రోన్ మావిక్ ప్రో, దానికి పేర్కొన్న హద్దు 5,000 మీటర్లు. ఇందులోంచి రెండు విషయాలు తీసుకోవాలి. హద్దు గోడ కాదన్నది ఒకటి, అది ముందే ఒప్పుకున్నాను. ఒక మనిషి ప్రాణం కోసం డ్రోన్ పోయినా పోనీ అనుకోవచ్చన్నది రెండోది. మీ దృశ్యం అంతటిదో కాదో మీరే తేల్చుకోవాలి.

పెద్ద బ్యాటరీ కొనవద్దు. మైదానంలో అది నిమిషాలు పెంచుతుంది, నిజమే. కానీ బరువు కూడా పెంచుతుంది, మోటార్లూ ప్రొపెల్లర్లూ పాతవే కాబట్టి థ్రస్ట్ పెరగదు. మీకు కొరతగా ఉన్నది థ్రస్ట్ మిగులు, మీరు కొనబోయేది దాన్నే ఇంకా తినే వస్తువు. తయారీదారు 4,000ను 3,000కు తగ్గించింది అందుకే. ఆ డబ్బుతో మామూలు బ్యాటరీ ఇంకొకటి కొని, చిన్న చిన్న ఎగురుళ్లు రెండు చేయండి. 250 గ్రాముల లోపు డ్రోన్లకు చాలా దేశాల్లో ఉండే సడలింపులు కూడా అలా నిలబడతాయి. ప్రొపెల్లర్లు మార్చడం వల్ల మేలు జరిగే యంత్రాలు లేకపోలేదు. డీజేఐ ఇన్‌స్పైర్ 2కు మామూలు ప్రొపెల్లర్లతో 2,500 మీటర్లు, ఎత్తైన చోట్ల కోసం చేసినవాటితో 5,000 మీటర్లు హద్దు. కానీ అవి ఆ మోటార్లకు కొలత చూసి తయారీదారే ఇచ్చినవి. మీ డ్రోన్‌కు అలాంటివి తయారీదారు ఇవ్వకపోతే, బయట దొరికేవాటితో ప్రయోగాలు కొండ మీద వద్దు.

చలి విషయంలో చిత్రమైన తిరకాసు ఒకటుంది. చల్లని గాలి చిక్కన, వెచ్చని గాలి పలచన. 4,000 మీటర్ల దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 11 డిగ్రీలు. అదే చోట ఎండ కాసి 10 డిగ్రీలుంటే, ప్రొపెల్లర్‌కు అది దాదాపు 4,700 మీటర్ల గాలితో సమానం. కాబట్టి మోటార్ల వైపు నుంచి చూస్తే చల్లని ఉదయం మేలు. బ్యాటరీ వైపు నుంచి చూస్తే అదే కీడు. లిథియం బ్యాటరీ చల్లబడితే లోపలి నిరోధం పెరిగి, మోటార్లు ఎక్కువ కరెంటు లాగిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది. తెర మీద 40 శాతం చూపిస్తూనే డ్రోన్ అత్యవసరంగా దిగడం మొదలుపెట్టవచ్చు. పలచని గాలి ఎక్కువ కరెంటు అడగడం, చలి దాన్ని ఇవ్వనివ్వకపోవడం, రెండూ ఒకే చోట కలవడమే కొండల ప్రత్యేకత. దీనికి మందు తేలికైనదే: ఉదయపు చల్లని గాలిలో వెచ్చని బ్యాటరీ. రాత్రి బ్యాటరీలను నిద్రసంచిలో పెట్టుకోండి, నడిచేటప్పుడు కోటు లోపలి జేబులో ఉంచండి, టేకాఫ్‌కు నిమిషం ముందే డ్రోన్‌లో పెట్టండి. 20 డిగ్రీలకు పైగా వెచ్చగా ఉన్న బ్యాటరీ ఎగిరేటప్పుడు తన వేడిని తానే నిలుపుకుంటుంది. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టకండి. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. రిమోట్‌కు తగిలించిన ఫోన్ కూడా చలికి ఆరిపోయే వస్తువేనని మరచిపోవద్దు.

మబ్బులోకి, పొగమంచులోకి ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి. సున్నాకు కాస్త కిందనున్న తేమ గాలిలో ప్రొపెల్లర్ అంచుల మీద పలచగా మంచు పేరుకుని దాని ఆకారాన్నే మార్చేస్తుంది, అప్పుడు మిగిలిన కొద్ది థ్రస్ట్ కూడా ఉండదు. మంచు మీద టేకాఫ్ చేయాల్సివస్తే కింద రంగు పట్టా పరవండి. లేకపోతే ఎగిరిన మంచుపొడి మోటార్లలోకి, కెమెరాను కుదుపుల్లేకుండా పట్టి ఉంచే గింబల్‌లోకి చేరుతుంది. దిగేటప్పుడు నిటారుగా వేగంగా దించవద్దు. తాను కిందికి నెట్టిన గాలిలోకే తాను దిగితే ప్రొపెల్లర్లు పట్టు కోల్పోతాయి, ఆ జారుడును ఆపడానికి కావాల్సిన మిగులు అక్కడ లేదు. ఏటవాలుగా, నెమ్మదిగా దించండి. బ్రేకు పడడానికి మైదానంలో కంటే ఎక్కువ దూరం పడుతుందని ముందే అనుకుని, స్టిక్ ముందుగానే వదలండి.

ఇంకో పలచని గాలి బాధితుడు మీరే. ఆ ఎత్తున ఆక్సిజన్ చాలక చురుకైన మనిషి కూడా మందకొడిగా ఆలోచిస్తాడు, మంచి దృశ్యం కళ్ల ముందుంటే బ్యాటరీ అంకె చూసి కూడా చూడనట్టు ఉండిపోతాడు. ఒకసారి 4,000 మీటర్ల పైన, 35 శాతం దగ్గర వెనక్కి తిప్పాలని నాకు నేనే చెప్పుకుని, 22 దగ్గర గుర్తు తెచ్చుకున్నాను. మధ్యలో ఏమాలోచించానో ఇప్పటికీ చెప్పలేను. అప్పటి నుంచి తిరిగే శాతాన్ని పక్కవాళ్లకు ముందే చెప్పి, వాళ్లను గట్టిగా అరవమంటున్నాను. డ్రోన్ పడిపోతే అది పడ్డ వాలుకు పరుగెత్తకండి. తాడు లేకుండా వెళ్లలేని చోట పడిందంటే అది పోయినట్టే. పెద్ద గద్దలు, రాబందులు దగ్గరికి వస్తే ఆ ఎగురుడు అంతటితో ముగించండి. హెలికాప్టర్ చప్పుడు వినబడితే ఎటునుంచో వెతక్కుండా తక్షణం దించేయండి, కొండల్లో అది ఎవరినో కాపాడడానికి వస్తూ ఉండవచ్చు.

శిబిరం దగ్గర, 4,400 మీటర్లలో, హామీ దాటుతున్నామని తెలిసీ ఎగరేస్తానంటే నేను కాదనను. సూర్యుడు వచ్చిన తరువాత, గాలి లేచేలోపు ఉండే ఒకటి రెండు గంటల నిశ్శబ్దంలో మాత్రమే ఎగరేయండి. ముందుగా ఎదురుగాలిలోకి పంపండి, అలసిన బ్యాటరీతో వచ్చేటప్పుడు గాలి నెట్టాలి. 300 మీటర్ల దూరం దాటకండి, సగం బ్యాటరీ దగ్గర వెనక్కి తిప్పండి. కనుమను ఎక్కకుండానే చూపించవచ్చు: శిబిరం పక్కనున్న గుట్ట మీద నుంచి యాభై మీటర్లు లేపి, గుడారాలు ముందు, కనుమ వెనుక వచ్చేలా నెమ్మదిగా పక్కకు జరిపితే, ఆ 700 మీటర్ల ఎత్తు తెలిసినట్టుగా కనుమ మీద నుంచి తీసిన చిత్రంలో కూడా తెలియదు.

టేకాఫ్ అయ్యాక మొదటి నిమిషం పరీక్షకు కేటాయించండి. నేలకు జానెడు ఎత్తున కాదు, అక్కడ నేల మీద నుంచి తిరిగొచ్చే గాలి ఆసరా ఇస్తుంది. మూడు మీటర్ల ఎత్తున స్టిక్ వదిలి నిలబెట్టండి. మోటార్ల గరిష్ఠ వేగం గురించి హెచ్చరిక వస్తుందా చూడండి. పది మీటర్లు ఎక్కించి, అంతే దించి, ఆపమన్నప్పుడు ఎంత జారి ఆగిందో గమనించండి. ఆ నిమిషంలో బ్యాటరీ ఎంత తగ్గిందో చూసుకోండి. మైదానంలో నిమిషానికి మూడున్నర శాతం తగ్గేది అక్కడ నాలుగు, నాలుగున్నర తగ్గితే లెక్క ప్రకారం నడుస్తున్నట్టు. ఆరు దాటితే బ్యాటరీ చల్లబడి ఉంటుంది, లేదా పైన మీకు తెలియని గాలి ఉంటుంది. రెండింటిలో ఏదైనా దించి సంచిలో పెట్టి, మరుసటి ఉదయం దాకా ఆగండి.